గోయు మజిలీ వీధిలో ఆ స్త్రీలు ఎవరు? జపాను చెక్క అచ్చు బొమ్మల్లో వీధి బతుకు

తూర్పుగాలి రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. జపాను చెక్క అచ్చు బొమ్మల ప్రస్తావన మన వేదికలో ఇదివరకు వచ్చినప్పుడల్లా అది హొకుసాయ్ గీసిన పెద్ద అల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. ఆ అల గొప్పదే. అయితే నన్ను ఏళ్ళ తరబడి వెంటాడుతున్నవి ఈ బొమ్మల్లోని వీధులు, ఆ వీధుల్లో నడిచే మామూలు మనుషులు. అందుకే ఈ చర్చను వీధి బొమ్మల వరకే ఉంచుదామని నా విన్నపం.

ఉద్యోగరీత్యా నాలుగేళ్ళుగా ఐచి ప్రాంతంలో ఉంటున్నాను. ఇక్కడికి దగ్గరలోనే పాత తోకైదో దారి వెళుతుంది. ఎదో నగరాన్ని, అంటే నేటి టోక్యోను, క్యోతోతో కలిపిన రాచబాట అది. దాని మీది 53 మజిలీలను హిరోషిగే అనే చిత్రకారుడు 1833, 1834 సంవత్సరాల ప్రాంతంలో బొమ్మలుగా వేశాడు. రెండు కొసలనూ కలుపుకుంటే మొత్తం 55 బొమ్మలు. వాటిలో గోయు మజిలీ బొమ్మ అచ్చుప్రతి ఒకటి మొన్న ఒక ప్రదర్శనలో దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది. పొద్దు వాలుతున్న వేళ, ఇరుకు వీధి, రెండు వైపులా పూటకూళ్ళ ఇళ్ళు. ఒళ్ళున్న ఇద్దరు స్త్రీలు చెరొక బాటసారిని పట్టుకొని తమ ఇంటి వైపు లాగుతున్నారు. ఒకతని మెడకు కట్టుకున్న మూటనే ఆమె పట్టి గుంజడంతో ఆ ముడి బిగిసి అతనికి ఊపిరాడడం లేదు, ఆ సంగతి అతని ముఖంలోనే తెలుస్తున్నది. కుడి వైపు ఇంట్లో ఇదివరకే లొంగిపోయిన ఒక ప్రయాణికుడు అరుగంచున కూర్చొని గడ్డి చెప్పులు విప్పుకుంటుంటే, ఒక ముసలామె అతని కాళ్ళు కడగడానికి నీళ్ళ తొట్టి తెస్తున్నది.

నా ప్రశ్నలు రెండు. ఆ స్త్రీలు అంతగా ఎందుకు పోటీ పడుతున్నారు? ఇలాంటి బొమ్మలను ఆనాటి వీధికి సాక్ష్యంగా ఎంతవరకు నమ్మవచ్చు?

పాతపటాలు రాశారు:

తూర్పుగాలి గారూ, మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు భూగోళంలోనే ఉంది. గోయుకు, దాని తరువాతి మజిలీ అకసకాకు మధ్య దూరం 16 చో, అంటే ఇంచుమించు 1.7 కిలోమీటర్లు. తోకైదో మొత్తం మీద రెండు మజిలీల మధ్య ఇంత తక్కువ దూరం మరెక్కడా లేదు. చీకటి పడుతున్నా ఇంకొంచెం నడిస్తే అకసకా వచ్చేస్తుందని బాటసారికి తెలుసు, అతన్ని ఇప్పుడు వదిలితే ఆ రాత్రి డబ్బు పక్క ఊరికి పోతుందని గోయు ఇళ్ళవాళ్ళకూ తెలుసు. దూరంగా విసిరేసినట్లున్న మజిలీలో ఇంతగా లాగవలసిన పని ఉండదు.

మిగతా సగం ఆ స్త్రీల బతుకు తెరువుకు సంబంధించినది. వీరిని మెషిమొరి ఒన్నా అనేవారు, అన్నం వడ్డించే స్త్రీలు అని ఆ మాటకు అర్థం. పేరుకు వడ్డన, జరిగేది చాలా చోట్ల వేరు. ప్రభుత్వానికి ఆ సంగతి బాగా తెలుసు కనుకనే 1718లో ఒక్కొక్క పూటకూళ్ళ ఇంటికి ఇద్దరికి మించి ఉండరాదని కట్టడి చేసింది.

రెండవ ప్రశ్న కష్టమైనది. ఈ వరుసలోనే కంబారా మజిలీ బొమ్మ ఉంది. రాత్రివేళ మోకాలి లోతు మంచు, అందులో వంగి నడిచే ముగ్గురు మనుషులు, చూసినవారు మరచిపోలేని బొమ్మ. అయితే కంబారా సురుగా సముద్ర తీరాన ఉన్న వెచ్చని ఊరు, అక్కడ అంత మంచు పడడం చాలా అరుదు. ఇషిబే మజిలీ బొమ్మకు మూలం 1797లో అచ్చయిన ఒక తోకైదో యాత్రా దర్శిని చిత్రంలో కనిపిస్తుంది. 1832లో హిరోషిగే ఒక అధికారిక బృందంతో ఈ దారంతా నడిచాడని చాలాకాలం చెప్పుకున్నారు గాని, నేటి పండితులలో చాలామంది దానిని సందేహిస్తున్నారు. కాబట్టి ఈ బొమ్మల్లోని వాతావరణాన్ని, ఋతువును ఆ ఊరికి సాక్ష్యంగా నేను తీసుకోను. పనిముట్లు, బట్టలు, బరువు ఎత్తుకునే తీరు, కాళ్ళు కడిగే తొట్టి వంటివాటిని మాత్రం నమ్ముతాను, ఎందుకంటే ఆ బొమ్మ కొనేవాడు వాటిని రోజూ చూస్తూ ఉన్నవాడు, అవి తప్పుగా ఉంటే ఒక్క చూపులో పట్టేస్తాడు.

అచ్చుచెక్క రాశారు:

మాది పెడన. మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ అద్దకం పని సాగుతున్నది, అందువల్ల ఏ అచ్చు బొమ్మ చూసినా నా కన్ను ముందు చెక్క మీదికే పోతుంది. తూర్పుగాలి గారు చూసిన గోయు బొమ్మలో కుడివైపు ఇంటి లోపల గోడకు కొన్ని పలకలు వేలాడుతుంటాయి, గమనించారా? పూటకూళ్ళ ఇళ్ళ గోడల మీద అలాంటి రాతపలకలు ఉండడం మామూలే. ఆ పలకల మీద ఉన్నది మాత్రం ఈ బొమ్మల వరుస పేరు, చెక్క చెక్కిన జిరోబెయి పేరు, అచ్చు తీసిన హెయిబెయి పేరు, హిరోషిగే కళానామం. పక్కన పెద్ద గుండ్రని గుర్తులో ప్రచురణకర్త తకెనోఉచి పేరు. చిత్రకారుడి సంతకం బొమ్మల మీద మామూలుగా ఉంటుంది. చెక్కిన చేతికి, అచ్చు తీసిన చేతికి పేరు దక్కడం అరుదు, ఈ వరుసలో అవి ఒక పూటకూళ్ళ ఇంటి గోడ మీదికి ఎక్కాయి. అది మొదటిసారి చదివిన రోజు నేను చాలాసేపు ఆ బొమ్మ ముందునుంచి లేవలేకపోయాను.

పని ఎలా సాగేదో తెలియనివారి కోసం చెబుతాను. చిత్రకారుడు పలుచని కాగితం మీద నల్ల గీతలతో బొమ్మ ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ చెక్క మీద అతికించి, గీత ఉన్నంత మేర నిలబెట్టి మిగిలినదంతా తవ్వేస్తాడు. అంటే అసలు బొమ్మ ఆ పనిలోనే పోతుంది. ఆ గీతల అచ్చునుంచి తీసిన ప్రతుల మీద ఏ రంగు ఎక్కడ రావాలో గుర్తు పెట్టి, రంగుకొక చెక్క చొప్పున మళ్ళీ చెక్కుతారు. ప్రతి చెక్కలోనూ ఒక మూలన, ఒక అంచున కెంతో అనే చిన్న గాట్లు ఉంటాయి, కాగితాన్ని ప్రతిసారీ ఆ గాట్లకు ఆనించి పరచడం వల్లనే పది రంగులైనా ఒకదాని మీద ఒకటి తప్పకుండా కూర్చుంటాయి. 1765 ప్రాంతంలో హరునొబు అనే చిత్రకారుడి కాలంలో ఈ పలురంగుల పద్ధతి నిలదొక్కుకున్నది.

మా పనికీ వాళ్ళ పనికీ అసలు తేడా చేతి కదలికలో ఉంది. మేము రంగు పళ్ళెంలో అచ్చును అద్ది, బల్ల మీద పరచిన గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక దెబ్బ వేస్తాం. వాళ్ళు చెక్కను కింద ఉంచి, దాని మీద బ్రష్షుతో రంగు పూసి, తడిపిన కాగితాన్ని పరచి, వెదురు పొర చుట్టిన బరెన్ అనే గుండ్రని దిమ్మతో కాగితం వీపును రుద్దుతారు. దెబ్బకు రాని మెత్తదనం రుద్దడంలో వస్తుంది. ఆకాశంలో ముదురు నీలం క్రమంగా తేలిపోయే బొకాషి పని ఉందే, అది చెక్క మీది రంగును ప్రతి కాగితానికీ మళ్ళీ మళ్ళీ తడిగుడ్డతో చేత్తో తుడిచి తెచ్చేది. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో మబ్బు ఒకేలా ఉండదు.

1857లో వచ్చిన హిరోషిగే షిన్ ఒహాషి వంతెన మీది వాన బొమ్మ తెలిసే ఉంటుంది, 1887లో వాన్ గో నూనెరంగుల్లో తిరిగి వేసినది అదే. అందులోని వానగీత ఒక్కొక్కటీ చెక్క మీద వెంట్రుకంత సన్నని గట్టుగా నిలబడి ఉండాలి, రెండు వైపులా చెక్కను తవ్వేటప్పుడు ఒక్కటి విరిగినా పని చెడినట్లే. పైగా ఆ వాన ఒకే వాలున పడడం లేదు, రెండు వాలుల్లో పడుతున్నది. వంతెన మీద తలలు దాచుకొని పరుగెత్తే ఆ మనుషుల భుజాల మీద గాలి అటూ ఇటూ మారుతున్నట్లు మనకు తోచడానికి కారణం అదే.

ఇంకొక్క మాట, మన నేలకు సంబంధించినది కనుక. మచిలీపట్నంలో డచ్చి వర్తకుల కోఠీ 17వ శతాబ్దం మొదటి నుంచీ ఉంది. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు డచ్చి ఓడల మీద జపానుకు చేరి, అక్కడ సరస అనే పేరుతో టీ పాత్రలకు చుట్టే గుడ్డలుగా, పొగాకు సంచులుగా ఎంతో విలువైన వస్తువులయ్యాయి.

నాలుగురోడ్లు రాశారు:

అచ్చుచెక్క గారి టపా చదివాక నేను బొమ్మల్లో ఇదివరకు చూడనివి చూస్తున్నాను, వారికి కృతజ్ఞతలు. నేను తిండి వైపు నుంచి, అంగడి వైపు నుంచి చెబుతాను.

18వ శతాబ్దంలోనే ఎదో జనాభా పది లక్షల దాకా ఉండేదని అంచనా. అంత జనానికి కూర, చేప, టోఫు, చీపురు ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చేవి, మోసుకొచ్చేవాడు బొతెఫురి. భుజాన బద్ద, రెండు కొసలా తట్టలు. దీనికి మనకు వేరే మాట వెతకవలసిన పనే లేదు, అది కావడి. హిరోషిగే తోకైదో వరుస మొదటి బొమ్మలోనే, ఎదోలోని నిహోంబాషి వంతెన మీద తెల్లవారుజామున ఒక ప్రభువు ఊరేగింపు ఈటెలతో ఎక్కి వస్తుంటే, ముందు వైపున చేపల కావళ్ళవాళ్ళు పక్కకు తప్పుకుంటుంటారు. ఊరేగింపు వంతెన వంపు వెనక సగం దాగి ఉంది, చేపలవాళ్ళు మనకు దగ్గరగా పూర్తిగా కనిపిస్తున్నారు. కుడి మూలన రెండు కుక్కలు తమ లోకంలో తాము ఉన్నాయి.

హిరోషిగే చివరి రోజుల్లో, 1856 నుంచి 1858 వరకు వేసిన ఎదో నగరపు నూరు దృశ్యాల వరుసలో ఈ కావడి ఇంకా దగ్గరికి వస్తుంది. నిహోంబాషి, ఎదోబాషి వంతెనలు కలిసి కనిపించే బొమ్మలో అమ్మేవాడు లేనే లేడు, కుడి కింది మూలన అతని తట్ట అంచు, అందులో కత్సువో చేప మాత్రం ఉన్నాయి. వేసవి మొదట్లో వచ్చే తొలి కత్సువో కోసం ఎదో జనం ఎంత డబ్బైనా పోసేవారు కాబట్టి, ఆ చేపను చూడగానే కొనేవాడికి అది ఏ నెలో తెలిసిపోతుంది.

అదే వరుసలో మంచు కురిసిన బికుని వంతెన బొమ్మ నాకు అన్నిటికంటే ఇష్టం. ఎడమవైపు పెద్ద అక్షరాల పలక మీద యమకుజిరా అని ఉంటుంది, అంటే కొండ తిమింగలం. అమ్మేది నిజానికి అడవిపంది మాంసం. నాలుగు కాళ్ళ జంతువు మాంసం తినడం ఆనాడు తప్పుగా ఎంచేవారు కనుక తిమింగలం పేరు పెట్టారు, తిమింగలం వాళ్ళ లెక్కలో చేప. కుడివైపు దుకాణం పలక మీద 13 రి అని ఉంటుంది. రి అంటే దూరపు కొలత. అక్కడ దొరికేది కాల్చిన చిలగడదుంప. కురి అంటే చెస్ట్‌నట్ కాయ, 9 రి అన్నా అదే పలుకు. యొరి అంటే "కంటె", 4 రి పలుకు కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. తొమ్మిదీ నాలుగూ పదమూడు, కాబట్టి ఇది కురి కంటె రుచి అని అర్థం. ఒక వీధి, రెండు పలకలు, చలికి ఆకలి వేసిన ఒక ఊరు ఆ బొమ్మలో ఉన్నాయి. మధ్యలో వంతెన మీద కావడివాడు మంచులో నడుస్తూనే ఉన్నాడు.

ధర సంగతి కూడా చెప్పాలి. 1842 సంస్కరణల్లో ప్రభుత్వం ఒక్కో బొమ్మ 16 మొన్‌లకు, అంటే ఆనాటి చిల్లర నాణేలకు, మించి అమ్మరాదని, రంగుల చెక్కలు ఏడెనిమిదికి మించరాదని కట్టడి పెట్టింది. ఆ కాలంలో వీధిలో అమ్మే సోబా అనే సేమ్యా వంటకం ఒక గిన్నె ధర కూడా 16 మొన్‌లే. అంటే ఈనాడు అద్దాల వెనక పెట్టి చూపుతున్న ఈ బొమ్మలు రాత్రి ఒక గిన్నె సోబా తిన్నంత ఖర్చుకు దొరికేవి. వీధి జనం వీధి బొమ్మలు కొనుక్కున్నారు.

నిలువుటద్దం రాశారు:

చర్చ ఎంతో బాగుంది, అయినా నాకు ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాచుకోకుండా రాస్తాను. 1833లో జపానులో తెంపో కరువు మొదలైంది, మరి కొన్నేళ్ళు కొనసాగింది, ఊళ్ళకు ఊళ్ళే ఆకలితో చచ్చిపోయాయి. తూర్పుగాలి గారు చెప్పిన 55 బొమ్మలు సరిగ్గా ఆ కాలంలోనే వచ్చాయి. వాటిలో వాన ఉంది, మంచు ఉంది, ఎగిరిపోయిన టోపీ వెంట పరుగెత్తే మనిషి ఉన్నాడు, మారికో మజిలీలో తురిమిన కంద పులుసు తింటున్న ఇద్దరు యాత్రికులు ఉన్నారు. ఆకలితో ఉన్న మనిషి ఒక్కడూ లేడు.

గోయు స్త్రీల విషయమూ అంతే. కొన్నవాళ్ళకు అది నవ్వు పుట్టించే దృశ్యం, మెడ బిగిసిన బాటసారి ముఖం అందుకే అలా గీశాడు. ఆ స్త్రీలలో చాలామంది తండ్రులో అన్నలో ముందుగా డబ్బు తీసుకొని కొన్నేళ్ళ గడువుకు ఒప్పందం రాసి పంపినవాళ్ళు. ఆ రాత్రి గదులు ఖాళీగా ఉంటే యజమాని ఏమంటాడో ఆలోచిస్తే ఆ లాగుడులో నాకు నవ్వు కనిపించదు. పాతపటాలు గారు పనిముట్లను నమ్ముతానన్నారు, నేనూ నమ్ముతాను. ముఖాలను మాత్రం నమ్మలేను.

పాతపటాలు రాశారు:

నిలువుటద్దం గారి అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. బొమ్మ అచ్చు కావాలంటే ముందు తనిఖీ ముద్ర పడాలి, 1790 నుంచి అది తప్పనిసరి. పాలకులకు ఇబ్బంది కలిగించే సమకాలీన సంగతులు వేయడానికి వీలులేదు. దానికి తోడు ప్రచురణకర్త పెట్టుబడి పెట్టిన సరుకు ఇది, ప్రయాణం మీద ఆశ పుట్టించి అమ్మవలసిన సరుకు. షోనో మజిలీ వాన బొమ్మ తొలి ప్రతుల్లో, వాలున పరుగెత్తే మనిషి గొడుగు మీద ప్రచురణకర్త పేరు, వరుస పేరు రాసి ఉంటాయి. పల్లకీ బోయీలు కుండపోత వానలో తడుస్తున్న చోటే తన ప్రకటన పెట్టుకున్నాడు. ఆ వీధిలో ఆకలికి చోటు లేదు.

అయినా చెప్పకూడని సంగతిని చెప్పకనే చెప్పిన బొమ్మలు కొన్ని ఉన్నాయి, వాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1855లో ఎదోను పెద్ద భూకంపం కుదిపింది, ఆ వెంటనే మంటలు చెలరేగాయి. హిరోషిగే పుట్టింది అగ్నిమాపక దళపు కుటుంబంలో, తండ్రి తరువాత ఆ ఉద్యోగం తానూ చేశాడు. కాబట్టి ఏ వీధి ఎలా కాలుతుందో అతనికి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. నూరు దృశ్యాల వరుస ఆ మరుసటి సంవత్సరమే మొదలైంది. అందులో కూలిన ఇల్లు ఒక్కటీ కనిపించదు. అయితే అసకుసా ఆలయపు మంచు బొమ్మను చూడండి, పెద్ద ఎర్ర లాంతరు వెనక దూరాన గోపుర శిఖరం నిటారుగా నిలబడి ఉంది. భూకంపంలో ఆ శిఖరమే ఒక వైపుకు ఒరిగిపోయింది, 1856లో దాన్ని సరిచేశారు, బొమ్మ కూడా ఆ ఏడే వచ్చింది. ఎదోలో ఉన్నవాడు ఆ బొమ్మ చూస్తే నిలబడిన శిఖరాన్నే ముందు చూస్తాడు. ఈ వరుసలోని బొమ్మల మీద తనిఖీ ముద్రలో ఏడాది పేరు, నెల అంకె కూడా ఉండడం వల్ల, ఏ బొమ్మ ఏ సంఘటన తరువాత వచ్చిందో సరిచూసే వీలు మనకు మిగిలింది.

ముఖాల గురించి ఒక్కమాట. అదే వరుసలో సరువకమాచి రాత్రి బొమ్మ ఉంది. 1842 సంస్కరణల్లో నాటకశాలలను ఊరి మధ్య నుంచి అక్కడికి తరలించారు. నిండు పున్నమి, ఆట చూసి ఇళ్ళకు మళ్ళే జనం. ఒక్క ముఖమూ స్పష్టంగా లేదు, ప్రతి మనిషి పక్కనా నేల మీద నీడ మాత్రం పడి ఉంది. జపాను అచ్చు బొమ్మల్లో మనుషులకు నీడలు వేయడం మామూలు కాదు. నిలువుటద్దం గారు ఆ బొమ్మ చూసి ఏమంటారో వినాలని ఉంది.

నిలువుటద్దం రాశారు:

ఇప్పుడే చూశాను. ఈ బొమ్మతో నాకు తగవు లేదు. ఇక్కడ ఎవరినీ నవ్వడానికి గీయలేదు. వీధి అంతటికీ ఒకే వెన్నెల.

నాలుగురోడ్లు రాశారు:

పాతపటాలు గారు ప్రకటనల సంగతి ఎత్తారు కనుక చిన్న చేర్పు. నూరు దృశ్యాల్లోని సురుగాచో వీధి రెండు వైపులా ఉన్నది ఎచిగోయా బట్టల దుకాణమే, 1673లో మొదలై తరువాత మిత్సుకోషిగా మారినది. తెరల మీద దాని గుర్తు, ఎదురుగా ఫూజీ పర్వతం. దుకాణాలు ఈ బొమ్మలకు డబ్బిచ్చాయా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, ఎందుకంటే ఆ వీధిలో కూడా తెర మీది గుర్తు కంటే కావడి మోసేవాళ్ళే నా కంటికి ముందు ఆనుతారు. నిహోంబాషి తోరి అనే వీధి బొమ్మలోనూ అంతే. షిరోకియా దుకాణం తెర పక్కనుంచి రెండంతస్తుల గొడుగు కింద సుమియోషి నాట్యం ఆడే వీధి ఆటగాళ్ళు, వెనక షమిసెన్ అనే తీగల వాద్యం పట్టుకున్న స్త్రీ, ఎడమన పండ్ల బల్ల, మధ్యలో సోబా మోసుకుపోయే మనిషి. ఎండ ఎంత తీవ్రంగా ఉందో సూర్యుణ్ణి గీయకుండానే గొడుగులతో, టోపీలతో చెప్పేశాడు.

తూర్పుగాలి రాశారు:

అందరికీ నా ధన్యవాదాలు. మీ టపాలు చదివిన తరువాత ఇంట్లో కూర్చోలేక నిన్న ఆదివారం గోయు వెళ్ళి, అక్కడి నుంచి అకసకాకు నడిచాను. రెండు ఊళ్ళ మధ్య పాత దారి వెంట పైన్ చెట్ల వరుస ఇప్పటికీ ఉంది, ప్రభుత్వం దాన్ని జాతీయ సహజ సంపదగా కాపాడుతున్నది. హిరోషిగే వరుసలో ఎన్ని బొమ్మల్లో చూశానో, ఆ చెట్లే మొదళ్ళు వంకర తిరిగి దారి మీదికి వాలి ఉన్నాయి. ఆగి ఆగి నడిచినా అరగంట పట్టలేదు.

పొద్దు వాలే వేళ కావాలనే ఎంచుకున్నాను. సగం దారిలో, వెలుగు ఇంకా మిగిలి ఉండగానే, అకసకా ఇళ్ళు కనిపించడం మొదలయ్యాయి. గోయు వీధిలో నిలబడ్డ ఆ స్త్రీకి బాటసారిని పట్టుకోవడానికి ఎంత కొద్ది సమయం ఉండేదో నా కాళ్ళకు అక్కడ తెలిసింది. చీకటి పడితే అతను ఎలాగూ ఆగిపోతాడు, మరీ ముందైతే ఆగమన్నా ఆగడు, ఉన్నదల్లా ఆ మధ్య సమయమే. నిలువుటద్దం గారు అన్న యజమాని మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

అకసకాలో పాత పూటకూళ్ళ ఇల్లు ఒకటి ఉంది, ఈ మధ్య కాలం వరకు అందులో అతిథులు బస చేసేవారట. హిరోషిగే అకసకా బొమ్మలో పెరటి నడుమ ఒక సైకాస్ చెట్టు ఉంటుంది, ఒక వైపు గదిలో స్త్రీలు అద్దాల ముందు ముఖాలకు పొడి అద్దుకుంటుంటారు. ఆ చెట్టునే తరువాత దగ్గరి ఆలయానికి తరలించారని ఊళ్ళో చెబుతారు. వెళ్ళి చూశాను, అక్కడ గుబురుగా పెరిగిన సైకాస్ ఉంది. గోయు బొమ్మను, అకసకా బొమ్మను ఫోనులో పక్కపక్కన పెట్టుకొని ఆ చెట్టు దగ్గర కాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వాటిని రెండు ఊళ్ళ బొమ్మలుగా విడివిడిగా చూశాను. ఒక బొమ్మలో స్త్రీలు వీధిలోకి రావడానికి ముందు అద్దం ముందు ఉన్నారు, రెండవదాంట్లో అప్పటికే వీధిలో ఉన్నారు. అచ్చుచెక్క గారూ, అకసకా బొమ్మలోని ఆ అద్దాల అంచుగీతలను మీరు ఒకసారి దగ్గరగా చూసి, ఆ పనితనం గురించి రాయగలరా?